మోకాలి సూదికి పత్యం

తూకం వేయని మాటను నేను నమ్మను. మహబూబాబాద్ మార్కెట్ యార్డులో మిర్చి బస్తాల తూకాలు సరిచూసే ఉద్యోగంలో తల నెరిసి, రిటైరైనవాణ్ణి. ముల్లు నిలిచిన తరువాతనే అంకె వేయడం అలవాటు. అందువల్ల మా అక్క మోకాళ్ళ నొప్పి పదికి ఎంత ఉందో చెప్పమని డాక్టరు అడిగినప్పుడు, ఆయన మీద నాకు వెంటనే గురి కుదిరింది. కూర్చుని లేచేటప్పుడు ఎనిమిది అని అక్క చెప్పింది.

అక్కది భూపాలపల్లి వైపు టేకుమట్ల. మోకాళ్ళు అరిగి ఏళ్ళు గడిచాయి. కీలు మార్పిడి ఆపరేషన్‌కు ఆమె గుండె తట్టుకోదని అంతకుముందే తేల్చారు. మిగిలిన దారి ఒక్కటే. మోకాలి నొప్పిని మోసే సన్నని నరాల దగ్గర ముందుగా మత్తుమందు సూది వేసి చూస్తారు. ఆ మందు పనిచేసే కొద్ది గంటలలో నొప్పి కనీసం సగం తగ్గితే, తరువాత అవే నరాలను వేడితో మొద్దుబారుస్తారు. తగ్గకపోతే ఆ చికిత్స లేదు. అక్క కోరిందీ పెద్దదేమీ కాదు. మిర్చి ఎండే కాలంలో కల్లంలో కూర్చుని, రంగు తప్పిన తాలు కాయలను తన చేత్తో ఏరుకోవాలి. ఇతరులు ఏరిన కుప్ప మీద ఆమెకు నమ్మకం లేదు.

సూది వేసిన డాక్టరు, ఇంటికి పోయి నడవమని, మెట్లెక్కమని, ఏ పనికి నొప్పి వచ్చేదో ఆ పనే చేయమని, గంటకొకసారి అంకె రాయమని చెప్పారు. చివరి మాటనే నేను శ్రద్ధగా పట్టుకున్నాను.

జనగామలోని మా ఇంట్లో అప్పటికే నా భార్య పరుపు పరిచి ఉంచింది.

"సూది వడ్డ కాలు, వదినె. కదలకు. పప్పు, వంకాయ ముట్టొద్దు. ఇంత చారుబువ్వ తిని పండుకో."

"నడవమన్నడు గదనే డాక్టరు!"

"గట్లనే అంటరు. రేపు చీము వడితే ఆయనొస్తడా?"

జ్వరానికి వేసినా, కుక్క కరిస్తే వేసినా, సూదికి పత్యం ఉండడం మా ఇళ్ళలో ఆచారం. అక్క పడుకుంది. నేను పక్కన కుర్చీ వేసుకుని గంటగంటకూ అడిగాను. "లేదురా" అన్న ప్రతిసారీ సున్నా వేశాను. సాయంత్రానికి కాగితం నిండా గుండ్రని సున్నాలు. అంత నిర్దోషమైన పట్టికను ఉద్యోగంలో ఉన్నన్ని రోజులూ చూడలేదనుకున్నాను.

మరునాడు దవాఖానలో డాక్టరు దానిని చూసి అక్కను అడిగారు. "అమ్మా, సూది వేయకముందు పడుకుంటే ఎంత నొప్పి ఉండేది?"

"పండుకుంటే ఎందుకు నొస్తది, సారూ? ఏం లేకుండె."

ఆయన కాగితం నాకు తిరిగి ఇచ్చారు. "ఇంకొక్కసారి వేసి చూద్దాం. ఈసారీ పడుకోబెడితే నేను ముందుకు పోలేను."

దవాఖాన గేటు దాటాక అక్క నా చెయ్యి పట్టుకుంది. "గిది గూడ పోతే ఇంకేం లేదు గదరా?"

రెండోసారి సూది వేయించి తెచ్చాక, నా భార్య వంకాయ ఒక్కటి తప్ప అన్నింటికీ ఒప్పుకుంది. వాకిట్లో పట్టా పరిచి ఎండుమిర్చి కుమ్మరించాను. అక్క నా భుజం పట్టుకుని మెల్లగా కిందికి దిగింది. కాసేపు ఏరి, లేచి, మెట్లెక్కి దిగి, మళ్ళీ కూర్చుంది.

"ఎంత?"

"తాలు శాన ఏరేసినట్టుందిరా."

"అంకె చెప్పు, అక్కా."

"రెండు. నువ్వు మూడు రాస్కో. దిష్టి తగుల్తది."

రెండే రాశాను.

పొద్దు వాలే వేళకు ఆమె ముఖం ముడుచుకుంది. "మల్ల వచ్చిందిరా తమ్మీ. గిదీ పాయె." కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నాకేమో నవ్వు ఆగలేదు.

"నాకు నొస్తుంటే నవ్వుతున్నవేందిరా, సిగ్గులేనోడా!"

"మందు దిగినంక నొప్పి రావాలె, అక్కా. మందు ఉన్నంతసేపు తగ్గి, దిగినంక వచ్చిందంటే నొప్పి ఆ నరాలదే అన్నట్టు. రేపు డాక్టరు కాదనడు."

"అయితే నొయ్యనీ" అని ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

డాక్టరు కాదనలేదు. అయితే అరిగిన ఎముక తిరిగి రాదని, కొన్ని నెలలకు నొప్పి మళ్ళీ మొదలుకావచ్చని ముందే చెప్పి, నరాలను మొద్దుబార్చారు.

ఆ మిర్చి కాలంలోనే టేకుమట్ల వెళ్ళాను. అక్క నేల మీద కాకుండా చిన్న పీట మీద కూర్చుని ఉంది. ఒడి నిండా తాలు.

"ఎంతక్కా?"

"మూడు."

అందులో దిష్టి కోసం కలిపిందెంతో నేను అడగలేదు.

"వెలుగుకు అడ్డం నిలవడకు. కూసోని నువ్వు గూడ ఏరు" అని పట్టా అంచు నా వైపు జరిపింది.