పద్దెనిమిది అంగుళాల చక్రాలు

అత్తయ్యగారు మా ఇంటికి నవంబరులో వచ్చారు. మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మాకు తెలిసినవాళ్ల అమ్మానాన్నలందరూ మే నెలలో వచ్చి, చలి ముదరకముందే తిరుగు విమానం ఎక్కేస్తారు. ఆవిడ మాత్రం, "ఎండలు జీవితమంతా చూశాను. నాకు మంచు పడుతుంటే చూడాలనుంది" అని పట్టుబట్టి మరీ వచ్చారు. హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. అప్పటికి మా ఇద్దరి మధ్యా గౌరవమే తప్ప చనువు తక్కువ.

ఆ వేసవిలోనే మేము టెక్సాస్‌లోని కాపెల్ నుంచి ఇక్కడికి మారాం. మావారికి ఇక్కడ కార్ల కంపెనీలో ఉద్యోగం. నేను డయాలిసిస్ సెంటర్లో నర్సుని. ఇంట్లో కూర్చుని చేసే పని కాదు. కాపెల్‌లో కొన్న ఎస్‌యూవీనే వెంట తెచ్చుకున్నాం. దానికి ఇరవై అంగుళాల పెద్ద చక్రాలు, వాటికి వెడల్పాటి టైర్లు. షోరూమ్‌లో చూసి ముచ్చటపడి తీసుకున్నవి. నాలుగు చక్రాలూ లాగే ఆల్ వీల్ డ్రైవ్ బండి కదా, మంచు మనల్నేం చేస్తుందిలే అనుకున్నాం.

మొదటి మంచు ఒక శనివారం ఉదయం పడింది. మావారు ఆఫీసు పనిమీద జెర్సీ సిటీ వెళ్లారు. అత్తయ్యగారు కిటికీ దగ్గర నిలబడి, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా అలా చూస్తూనే ఉన్నారు. తర్వాత చిన్నపిల్లలా, "బయటికి వెళ్దామా?" అన్నారు. కూరగాయల వంకతో బయల్దేరాం.

మా వీధి చివర రోడ్డు కాస్త పల్లానికి దిగుతుంది. దిగాక స్టాప్ సైన్. నెమ్మదిగానే వెళ్తున్నాను. బ్రేక్ తొక్కితే కాలి కింద పెడల్ టకటకా కొట్టుకుంది గానీ బండి ఆగలేదు. స్టీరింగ్ తిప్పినా మాట వినలేదు. అలాగే జారుకుంటూ పోయి, అడ్డంగా ఉన్న పెద్ద రోడ్డు దాటి, అవతలి గట్టుకి ముందు చక్రం దబ్బున గుద్దుకుని ఆగింది. ఆ క్షణంలో అటూ ఇటూ ఒక్క కారు కూడా రాకపోవడం మా అదృష్టం.

"అత్తయ్యగారూ, దెబ్బేమైనా తగిలిందా?" అన్నాను.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. "నాకేం కాలేదు. ముందు నువ్వు ఊపిరి తీసుకో." తర్వాత, "నీ తప్పేం లేదమ్మా. నువ్వు తొక్కడం నేను చూశాను. అదే ఆగలేదు" అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చేసింది.

టో ట్రక్కు బండిని దగ్గర్లోని టైర్ల షాపుకి చేర్చింది. షాపతను చూసి, గుద్దుకున్న చక్రం వంకరపోయిందనీ, టైరు పక్కన ఉబ్బిందనీ చెప్పాడు. మిగతా మూడూ సగం అరిగిపోయినవే, నాలుగూ మార్చడం మంచిదన్నాడు. "అదే సైజు వెయ్యమంటారా?" అని అడిగాడు. నేను తలూపబోయాను.

"ఇంకో సైజు పడుతుందేమో అడుగు" అన్నారు అత్తయ్యగారు.

పడుతుందట. ఇదే బండి బేసిక్ మోడల్ పద్దెనిమిది అంగుళాల చక్రాలతోనే వస్తుందట. వాటికి కొంచెం సన్నటి స్నో టైర్లు వేసుకోమన్నాడు. అత్తయ్యగారు నొసలు ముడిచారు. "వెడల్పుగా ఉంటేనే కదా పట్టు ఎక్కువ?" ఆ ప్రశ్న నేను ఇంగ్లీషులో అడిగితే, మెత్తటి మంచు మీద వెడల్పు టైరు తేలిపోతుందనీ, సన్నటిదైతే మంచుని కోసుకుంటూ కిందికి దిగుతుందనీ అతను ఓపిగ్గా చెప్పాడు.

"ఓహో! మడమ సన్నగా ఉన్న చెప్పు ఇసుకలో దిగబడినట్టు" అన్నారు ఆవిడ. నేను అది కూడా అతనికి చెప్పాను. బాగా నవ్వాడు.

ఇంటికొచ్చాక ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని టైర్ల మీద రాసే అంకెల సంగతి పట్టుకున్నారు. పాతది 255/50 ఆర్ 20, కొత్తది 235/65 ఆర్ 18. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది చక్రం చుట్టూ ఉండే రబ్బరు ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతం అన్నది. మూడోది చక్రం కొలత, అంగుళాల్లో.

"ఒకే వరసలో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలా! నా క్లాసులో ఎవడైనా ఇలా రాస్తే గోడకుర్చీ వేయించేదాన్ని" అంటూ లెక్క కట్టారు. రెండు టైర్ల మొత్తం ఎత్తుకీ మధ్య ఒక్క మిల్లీమీటరు కూడా తేడా రాలేదు. "ఎత్తు మారలేదు కాబట్టి మీటర్ చూపించే స్పీడూ మారదు. చక్రం తగ్గిన మేరకి రబ్బరు పెరిగింది. ఇదే వేయించుకో."

మావారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. క్షేమ సమాచారాలయ్యాక ఆయన, "ఎయిటీనా? కార్ లుక్ మొత్తం పోతుందే" అని నసిగారు.

"ఒరే, లుక్ చూసుకోడానికి ముందు మనుషులు ఇంటికి రావాలి కదరా" అన్నారు అత్తయ్యగారు.

బరువు మోసే శక్తి కూడా మా బండికి సరిపోతుందని చూసుకుని, షాపతను కొత్త చక్రాలు బిగించాడు. కానీ నాకు భయం పోలేదు. పల్లం కనిపిస్తే బ్రేకు మీంచి కాలు తీసేదాన్ని కాదు. తర్వాతి ఆదివారం మళ్లీ మంచు పడింది. అత్తయ్యగారు శాలువా కప్పుకుని తయారైపోయి, స్కూల్ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్లమన్నారు. అక్కడ ఒక్క బండి కూడా లేదు.

"ఇప్పుడు తొక్కు" అన్నారు. తొక్కాను. బండి కాస్త గొణిగి ఆగింది. "మళ్లీ. ఈసారి కొంచెం స్పీడుగా." అలా తొక్కిస్తూనే ఉన్నారు, నా భుజాలు సడలేదాకా. చివరికి ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. ఆవిడ దిగి, రెండు చేతుల నిండా మంచు తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశారు.

జనవరిలో పెద్ద మంచు తుఫాను వచ్చింది. స్కూళ్లు మూసేశారు. డయాలిసిస్ మాత్రం వాయిదా వెయ్యడానికి లేదు. నేను నిదానంగా, ఎక్కడా జారకుండా సెంటర్‌కి చేరాను. నాకంటే ముందే ఒక ముసలాయన వచ్చి, కోటు కూడా విప్పకుండా కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే, "నువ్వు రాలేవేమో అనుకున్నాను" అన్నాడు. ఆయన్ని మెషీన్‌కి కలిపాక పక్కకి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే తీశారు అత్తయ్యగారు.

"చేరాను, అత్తయ్యగారూ."

"డ్రైవింగ్‌లో ఉంటావని నేను ఫోన్ చెయ్యలేదు. సరే, పని చూసుకో" అన్నారు.

నేను వెంటనే ఫోన్ పెట్టెయ్యలేదు. "థాంక్స్" అన్నాను. ఇంట్లోవాళ్లకి ఆ మాట చెప్పే అలవాటు మాకు లేదు. ఆవిడ, "సాయంత్రం మెంతి మజ్జిగ పెడతాను, తొందరగా రా... కాదు, మెల్లగానే రా" అన్నారు.