మా మొగ మీద పడ్డ సీసం నింద

పీహెచ్‌డీ చేసే రోజుల్లో లోహమంటే నాకు వణుకు. లోహం వల్ల కాదు, గైడు సారు వల్ల. పెన్న అడుగున పేరుకున్న మట్టిలో సీసం, కాడ్మియం లాంటివి ఎంతున్నాయో కొలవడం మా పని. మట్టికి బయటి లోహం సోకకూడదని సారు నా గాజులు, కమ్మలు, చివరికి జడపిన్నులు కూడా తీయించేవారు. (బొట్టు మాత్రం స్టిక్కరు గనక బతికిపోయింది.) జుట్టు విరబోసుకుని ఏటిగట్టున తిరిగే నన్ను చూసి మా ఊరి పిల్లలు జడుసుకునేవాళ్ళు.

మా ఊరు పెన్న సముద్రంలో కలిసే మొగ దగ్గరే. నాన్నది చేపల వేట. ఆ చేపల్ని అమ్మ గంపలో పెట్టుకుని తోటపల్లి గూడూరులో అమ్మేది. ఒకరోజు సారు ఫలితాల కాగితం ఊపుకుంటూ వచ్చి, "మీ మొగలో సీసం విపరీతంగా ఉంది! వచ్చే వారం పేపర్లవాళ్ళకి చెబుతున్నా" అన్నారు, లాటరీ తగిలినంత సంబరంగా. మిగతా చోట్లన్నీ మామూలేనట. ఇంటికొచ్చి చెబితే అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "పేపర్లో పడితే ఇంక మన చేపని పిల్లి గూడా ముట్టదు పాపా!" నాన్న మాత్రం వల బాగుచేసుకుంటూ, "అది సరే, మీ సారు నా వలగుండ్లు తీసుకున్నాడే, తిరిగిచ్చేదెప్పుడంట?" అన్నాడు.

"గుండ్లు ఆయనకెందుకు నాయనా?"

"పోటు నీళ్ళకి మట్టి తీసే ఆ ప్లాస్టిక్ గొట్టం పైకి తేలతా ఉంటే బరువుకి కట్టినాడు. సరిగ్గా మూతి కాడే కట్టినాడు."

వల మునగడానికి కట్టే ఆ గుండ్లు అచ్చమైన సీసం! నా జడపిన్నుకి భయపడ్డ మనిషి, సీసం కట్టుకుని మరీ సీసం వెతికారన్నమాట. (ఆ పూట నేను గట్టు మీద సంచులకి చీటీలు అంటిస్తూ కూర్చున్నాను.)

తెల్లారి తలుపు కూడా తట్టకుండా సారు గదిలోకి దూసుకెళ్ళి గుండ్ల సంగతి చెప్పాను. "నా పద్ధతికే వంక పెడతావా?" అని ఆయన లేచారు. "మళ్ళీ తీద్దాం సార్. అప్పుడూ సీసం వస్తే పేపర్లవాళ్ళని నేనే పిలుస్తా" అన్నాను. ఎక్కణ్ణించి వచ్చిందో ఆ నోరు! ఈసారి బరువుకి ప్లాస్టిక్ డబ్బాలో ఇసుక నింపి కట్టాం. మట్టిని ఆరబెట్టి, జల్లించి, ఆసిడ్‌లో ఉడికించి మిషనుకిచ్చాం. మా మొగ కూడా మామూలే! ల్యాబంతా అదిరేలా ఈల వేశాను. సారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇనుప గుండ్లనుకున్నానమ్మా" అన్నారు, ఇనుము లోహం కానట్టు. ఆ ఆదివారం ఆయనే వచ్చి నాన్న గుండ్లు నాన్నకిచ్చి, అమ్మ గంపలో చేపలన్నీ కొనుక్కుపోయారు. "మా పాప సారునే సరిజేసింది" అని అమ్మ ఊరంతా చాటింది. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

ఇప్పుడు నేనూ గైడు మేడాన్ని. మొన్న మీటింగులో పెద్దాయన ఒకరు తప్పుడు లెక్క చెబుతుంటే, బుద్ధిగా తలూపి టీ తాగి వచ్చాను. జుట్టు విరబోసుకున్న ఆనాటి పిల్లయితే ఊరుకునేదా!