కోట ఆఖరి గోడ

మా డ్రాయింగ్ సారు పోయారని సోమవారం పొద్దున ఫోనొచ్చింది. సూరత్‌లో నేను పనిచేసే ఆల్థాన్‌కి, బమ్రోలిలో ఉన్న ఆయన ఇల్లు ఎంతో దూరం కాదు. అయినా ఆయన బతికుండగా ఒక్కసారీ ఆ గడప తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో ఇప్పుడు చెప్పడానికి కూడా సిగ్గుగానే ఉంది.

సూరత్ మగ్గాల్లో పనిచేయడానికి వచ్చిన తెలంగాణ వాళ్ల పిల్లలు చదివే తెలుగు బడి మాది. సుద్దముక్క గోరంత అయ్యేదాకా సారు పారేసేవారు కాదు. మేం చేత్తో గుండ్రం గీస్తే నవ్వేవారు. "చెయ్యి మోసం జేస్తది బిడ్డా. కంపాస్ జెయ్యదు."

పదో తరగతిలో, ప్రదర్శన కోసం అయిదు మూలల కోట నక్షా గీసే పని నాకిచ్చారు. కోణమాని ముట్టుకోనివ్వలేదు. ముందు వృత్తం, దాని వ్యాసం, మధ్య నుంచి వృత్తందాకా నిటారుగా ఒక గీత. వ్యాసంలో సగాన్ని మళ్లీ సగం చేసి, అక్కడ ముల్లు గుచ్చి, నిటారు గీత కొనదాకా కంపాస్ తెరిచి తిప్పాలి. అది వ్యాసాన్ని కోసిన చోటు నుంచి ఆ కొనకున్న దూరమే గోడ పొడవు. ఆ దూరంతో వృత్తం మీద అయిదడుగులు వేస్తే ముల్లు బయల్దేరిన చోటే దిగాలి.

"అయిదు గోడలు సమానముండాలె," అనేవారు సారు. "ఒక్కటి పొడుగైందా, పక్క బురుజు మీదోడు దాన్ని కాయలేడు. దుష్మన్ గాడ నుంచే వస్తడు."

నా ముల్లు నూకగింజంత పక్కన దిగింది. మళ్లీ మొదలెట్టాలంటే బద్ధకం. ఆఖరి గోడని లాగి కలిపేసి, ముల్లు గాట్లు కనబడకుండా బురుజులన్నీ నల్ల ఇంకుతో నింపేశాను. సారు కాగితాన్ని కిటికీకేసి పట్టి చాలాసేపు చూశారు.

"ఆఖరి గోడ కలిసిందా బిడ్డా?"

"కలిసింది సార్."

"మంచిది," అని బీరువాలో పెట్టారు.

ప్రదర్శనలో వేరే బడి మాస్టారొకరు స్కేలు పెట్టి కొలిస్తే ఆఖరి గోడ తేడా వచ్చింది. ఇది ఎవరు నేర్పారని హిందీలో అందరి ముందూ అడిగారు. నేను నా చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాను.

"గల్తీ మేరీ హై, సాబ్," అన్నారు సారు. కొలత తానే తప్పు చెప్పానన్నారు. మాస్టర్లు నవ్వుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు సారు చెరకురసం కొనిస్తే, సిగ్గులేకుండా తాగాను కూడా.

ఇప్పుడు నేను బిల్డర్ దగ్గర కంప్యూటర్ మీద ఇళ్ల నక్షాలు గీస్తాను. కూరగాయల బజారులో ఆయన రెండుసార్లు ఎదురయ్యారు. "గీస్తున్నవా బిడ్డా?" అనడిగారు. "గీస్తున్న సార్," అని, ఏదో పనున్నట్టు తప్పుకున్నాను.

దినాల నాడు వెళ్లాను. సారు భార్య చుట్టిన కాగితం ఒకటి తెచ్చిచ్చింది. "నువ్వొస్తే ఇయ్యమన్నడు బిడ్డా. శాన యేండ్లసంది దాసిండు."

విప్పి చూస్తే నా కోట. కాగితం వెనక, ఆఖరి గోడ కలిసే మూల చుట్టూ పెన్సిలుతో చిన్న సున్నా, పక్కన నేను నక్షా ఇచ్చిన రోజు తేదీ, ప్రదర్శనకి వారం ముందటిది. నేనే వచ్చి చెబుతానని ఆ వారమంతా ఎదురుచూశారన్నమాట. సారు పట్టినట్టే కాగితాన్ని కిటికీకేసి పట్టాను. ఆ సున్నా మధ్య, నల్లటి బురుజులో, నూకగింజంత ఎడంగా రెండు ముల్లు గాట్లు. రెండింట్లోంచీ వెలుతురు కనిపిస్తోంది.