మాట్లాడని బటన్

2023, ఫిబ్రవరి నెల. తాండూరులో నేను రికార్డింగ్ స్టూడియో పెట్టి అప్పటికి పన్నెండేళ్ళు దాటింది. స్టేషన్‌కు పోయే దారిలో, పై అంతస్తులో రెండు గదులు. చుట్టూ షాబాదు బండలను కోసి నునుపు చేసే యూనిట్లే. గోడలకు ఎంత మందం పరుపులు కొట్టించినా ఆ మోత కొంచెం లోపలికి వస్తూనే ఉంటుంది. అందుకని గొంతు రికార్డింగులన్నీ మధ్యాహ్నం అన్నం వేళకు పెట్టుకుంటాను, అప్పుడు మిషన్లు ఆగుతాయి. పెళ్ళి పాటలు, భజన పాటలు, ఎలక్షన్ పాటలు, బడుల వార్షికోత్సవాలు, ఇవే నా బతుకుతెరువు.

ఈ పనంతా ఒక సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. గొంతును, డప్పును, హార్మోనియంను వేరువేరు వరుసల్లో రికార్డ్ చేస్తాం. ఆ వరుసలను ట్రాకులు అంటాం. ఏది ఎంత వినిపించాలో సరిచూసి వాటిని ఒకటిగా కలపడం మిక్సింగ్. నాలుగైదేళ్ళకోసారి కంపెనీవాళ్ళు పెద్ద మార్పులతో కొత్త వెర్షన్ తెస్తారు. ఆ ఏడు ఏప్రిల్‌లో వస్తుందని ప్రకటించారు. కలిసిపోయిన పాటలోంచి గొంతును విడిగా తీసే సదుపాయం అందులో ఉంటుందన్నారు. మబ్బు పట్టిందా లేదా అని రైతు ఆకాశం చూసినట్టు నేను రోజూ వాళ్ళ వెబ్‌సైట్ చూసేవాణ్ణి.

అలాంటి రోజుల్లో బంట్వారం దగ్గరి పల్లె నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి పేరు యెంకమ్మ. వాళ్ళది గొర్రెలు కాసే ఇల్లు. కూతురు సంతోషకు ఇరవై ఆరేళ్ళు, పుట్టుకతోనే చూపు లేదు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది. పాట రికార్డింగ్ కోసం వచ్చారేమో అనుకుని మైకు సర్దబోయాను.

"పాడనీకి రాలె సార్. గీ పని నేర్సుకోనీకి వచ్చిన," అంది సంతోష. "పోయినేడు ఒకతాన పాడిన. పాట బయటికొచ్చినంక ఇంటే నా గొంతు నాకే గుర్తువట్టరాలె. ఏం జేసిన్రని అడిగితే, నీకు కనవడదు గదమ్మా, ఏం జెప్పాలె అన్నరు."

మైకు మళ్ళీ పక్కన పెట్టాను. నిజం చెప్పాలంటే నేనూ ఆ మాటే అనబోయాను.

"దాని చెవులు మస్తు పదును సారూ," అంది యెంకమ్మ. "మందల గొర్రెపిల్ల అరిస్తే, ఏ గొర్రెకు పుట్టిందో అరుపునుబట్టే చెప్తది నా బిడ్డ."

సంతోషకు కంప్యూటర్ కొత్త కాదు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఉత్తరాలు రాస్తుంది, వార్తలు చదువుతుంది. ఆమె ల్యాప్‌టాప్‌లో మా సాఫ్ట్‌వేర్ ఎక్కించి తెరిచాం. స్క్రీన్ రీడర్ "బటన్, బటన్, బటన్" అంటూ పోయింది. ఏ బటనో చెప్పదు. ఇన్నేళ్ళుగా నేను రంగుల్లో, బొమ్మల్లో చూసి మురిసిపోయిన తెర ఆమెకు తలుపుల్లేని గోడలా ఉంది. అంధులకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్లు వేరే ఉన్నాయని తర్వాత తెలిసింది కానీ, ఆమెకు కావలసింది ఇదే.

కారణం ఆమే చెప్పింది. వికారాబాద్‌లో చూపులేని పిల్లల బడి ఒకటుంది. పాఠాలను చదివించి, రికార్డ్ చేసి పిల్లలకు ఇస్తారు. చదవడం నుంచి తుది ఫైలు దాకా ఒంటరిగా చేయగలిగితే ఆ పని చేసే ఉద్యోగం చూపులేనివాళ్ళకే ఇస్తామన్నారు. పాత పాఠాలన్నీ ఈ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. జూన్‌లో బడి తెరిచేలోపు పరీక్ష.

ఆమె అడిగితే కొత్త వెర్షన్ ప్రకటన మొదటి నుంచి చదివి వినిపించాను. అంతకు ముందు ఎన్నోసార్లు చదివినదే. చివర్లో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: స్క్రీన్ రీడర్‌తో కూడా పనిచేస్తుంది. అప్పటిదాకా అది నా కంట పడనే లేదు.

"అయితే ఏప్రిల్ దాకా ఆగమ్మా. అది రాగానే నేర్పుతా," అన్నాను.

"సరే సార్. గది వచ్చేదాంక ఏం జేద్దాం మరి?"

ఆ ప్రశ్నతో మా పాఠాలు మొదలయ్యాయి. వారానికి రెండు రోజులు తల్లీ కూతురూ బస్సులో వచ్చేవారు. మౌస్ నేను పట్టేవాణ్ణి, ఏం చేయాలో ఆమె చెప్పేది. ఒకరోజు ఒక భజన మిక్స్ వింటూ, "అన్నా, 'స' అన్నకాడల్లా చెవుల సూది గుచ్చినట్టయితుంది," అంది. స, శ అక్షరాల పదును తగ్గించే పరికరాన్ని డీ-ఎస్సర్ అంటాం. అది వేశాను. "ఇంత వద్దు, ఇప్పుడు నత్తి వచ్చినట్టుంది. జర తగ్గియ్యి," అంది. తగ్గించాను. సరిగ్గా కుదిరింది. నాకు అక్కడిదాకా రావడానికి మూడేళ్ళు పట్టింది. ఆ రోజు నుంచే నేను సార్ పోయి అన్న అయ్యాను.

ఏప్రిల్‌లో వెర్షన్ రాలేదు. ఆలస్యమవుతుందని, ఎప్పుడొచ్చేదీ తర్వాత చెబుతామని ప్రకటన వచ్చింది. అయితే బీటా విడుదల చేశారు. పూర్తిగా తయారు కాకముందే తప్పులు పట్టమని వాడేవాళ్ళకు ఇచ్చే నమూనా అది. ఎక్కించాం. ట్రాకుల పేర్లు పలికింది, శబ్దం పెంచి తగ్గించే ఫేడర్లు ఎంత పైకి ఉన్నాయో చెప్పింది. సంతోష ముఖం విప్పారింది. నేను పక్కకు జరిగాను. ఆమే ట్రాకు తెరిచి, మైకు ముందు కూర్చుని, బ్రెయిలీలో ఉన్న పాఠం అన్నం వేళంతా ఆగకుండా చదివింది.

తిరిగి వింటే ఏమీ లేదు. ఒక్క అక్షరం కూడా రికార్డ్ కాలేదు.

రికార్డింగ్‌కు ముందు ట్రాకును సిద్ధం చేసే బటన్ ఒకటుంటుంది. దాన్ని ఆర్మ్ అంటాం. బీటాలో అన్నీ మాట్లాడాయి గానీ ఆ ఒక్కటీ మాట్లాడలేదు. ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో తెలియక ఆమె రెండుసార్లు నొక్కింది. రెండో నొక్కుకు అది ఆఫ్ అయిపోయింది. సంతోష బ్రెయిలీ కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ కూర్చుంది. కింద మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి.

నాకు జాలి వేసింది. అందుకే ఆ మాట అనేశాను. "పరీక్షనాడు గా ఒక్క బటన్ నేను ఒత్తుత. మిగిలిందంత నువ్వే జేస్తున్నవ్ గదా. ఎవరికెర్కయితది?"

"నాకెర్కయితది గదన్నా," అంది. "జూన్‌ల ఒత్తుతవ్. జూలైల ఎవరొత్తాలె?"

యెంకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను తలవంచుకుని వైర్లు చుడుతూ ఉండిపోయాను. పన్నెండేళ్ళ అనుభవంతో నేను ఇచ్చిన సలహా అది!

ఆ సాయంత్రం బస్సు ఎక్కేలోపు ఆమె కంపెనీకి ఉత్తరం రాసింది. ఇంగ్లీషులో, ఏడెనిమిది వాక్యాలు. ఏ కీ నొక్కాను, ఏం వినిపించింది, ఏం వినిపించాలి, అంతే. జవాబు వస్తుందని నేను అనుకోలేదు. ఎక్కడి వాళ్ళు, ఎక్కడి తాండూరు!

ఐదో రోజు ఆమె దగ్గర్నుంచి ఫోన్. అరుస్తోంది. "అన్నా! జవాబొచ్చింది! బటన్ మీదికి వచ్చినప్పుడే చెప్పాల్నా, ఒత్తినంక గూడ చెప్పాల్నా అని అడుగుతున్నరు. నన్ను అడుగుతున్నరన్నా!"

వెనక నుంచి యెంకమ్మ, "ఏమైంది బిడ్డా, మంచిదేనా?" అనడం వినిపించింది.

రెండుసార్లూ చెప్పాలని ఆమె రాసింది. మే చివర్లో ఇంకో బీటా వచ్చింది. సంతోష ఆ బటన్ నొక్కింది. "ఆర్మ్, ఆన్" అంది కంప్యూటర్. మళ్ళీ నొక్కింది. "ఆర్మ్, ఆఫ్." పదిసార్లు నొక్కి ఉంటుంది. నేనూ వింటూ కూర్చున్నాను.

పరీక్ష నా స్టూడియోలోనే జరిగింది. బడి నుంచి వచ్చిన మేడమ్ మర్యాదగానే, "మీరు బయట ఉండండి," అన్నారు. నేను, యెంకమ్మ మెట్ల మీద కూర్చున్నాం. తలుపు వేస్తే లోపలి చప్పుడు బయటికి రాకుండా నేనే కట్టించుకున్న గది, ఆ రోజు నన్నే ఏడిపించింది. పైగా కింద యూనిట్‌లో ఏదో తొందర పని ఉన్నట్టుంది, అన్నం వేళ ముగియకముందే మిషన్ మొదలైంది. కిందికి పరుగెత్తాను. బతిమాలితే ఆపుతామన్నారు గానీ, అప్పటికే పెద్ద బండ సగం కోత మీద ఉంది.

"గొర్లను తోడేలు కొట్టినప్పుడు గూడ ఇంత గుబులు గాలె సారూ," అంది యెంకమ్మ.

గంటన్నర తర్వాత తలుపు తెరుచుకుంది. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. "మధ్యలో మోత వచ్చింది. చదవడం ఆపింది, అది తగ్గేదాకా ఆగింది. చెడిన వాక్యం మళ్ళీ చదివి, పాతది కోసేసి అతికించింది. ఒకసారి సాఫ్ట్‌వేరే ఆగిపోయింది. నేను కంగారు పడ్డాను, తను మళ్ళీ తెరిచి మొదలుపెట్టింది. అతుకు ఎక్కడుందో నాకు దొరకలేదు," అన్నారు.

ముందు మూడు నెలలు చూస్తామని, ఆరో తరగతి పాఠాలు ఇచ్చారు. ఆ మూడు నెలలు దాటి ఇప్పటికీ అక్కడే చేస్తోంది. వికారాబాద్‌లోనే గది తీసుకుంది. అసలు వెర్షన్ వానాకాలంలో వచ్చింది. సరిచేసిన తప్పుల పట్టికలో ఆర్మ్ బటన్ గురించి ఒక వాక్యం ఉంది, ఎవరి పేరూ లేదు. నేను అంతగా ఎదురుచూసిన గొంతు తీసే సదుపాయం కూడా వచ్చింది. దాన్ని నేను ఇప్పటికి రెండుసార్లు వాడానేమో.

ఆ తల్లీ కూతుళ్ళు రాకముందు, కొత్త వెర్షన్ అంటే కంపెనీవాళ్ళు ఇచ్చేది, మనం తీసుకునేది అనుకునేవాణ్ణి. అవతల వినే మనుషులుంటారని, మనం చెప్పేదాని కోసం వాళ్ళూ చూస్తుంటారని తోచలేదు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్ళు ఎవరైనా, "కొత్తది వచ్చినంక మొదలువెడదాం సార్," అంటే, ఉన్నదాంట్లో ఏది పనిచేయడం లేదో ముందు రాసుకురమ్మంటాను.

పోయిన నెల తెలుగులో పెట్టిన ట్రాకుల పేర్లు తెర మీద అక్షరాలకు బదులు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంటే, నేనూ కంపెనీకి నా మొదటి ఉత్తరం రాశాను. పంపే ముందు ఇంగ్లీషు దిద్దమని సంతోషకు పంపించాను. పది నిమిషాల్లో ఫోన్ చేసింది.

"ఇంగ్లీషు బాగనే ఉందన్నా. కోపం మొత్తం తీసెయ్యి. ఏ కీ ఒత్తినవో గదే రాయి."