కొబ్బరినీళ్లు తాగిన సన్నాయి

ఒక మహాకావ్యం చెప్పబోతున్నాను. అందులో వీరుడున్నాడు, శత్రువున్నాడు, పునర్జన్మ కూడా ఉంది. నిజం చెప్పాలంటే వీరుడు కర్నూలులో టీవీలు బాగుచేసుకునే నేను, శత్రువు కొబ్బరికాయ, మళ్లీ పుట్టింది రెండు చిప్పులు. కాబట్టి కావ్యం కాదు, ఒక రోజు పని.

మా మామ పెండ్లిళ్లలో కీబోర్డు వాయించేవాడు. సెకండ్ హ్యాండులో కొన్న పాత సింథసైజర్ అది. అందులో కంపెనీవాళ్ల పియానోలు, వయొలిన్లు ఎన్నో ఉన్నా, మామ నాబ్‌లు తిప్పి తిప్పి సొంతంగా ఒక సన్నాయి తయారుచేసి మెమరీలో దాచుకున్నాడు. మేళం పెట్టుకోలేనివాళ్లు ఆయన్ను పిలిచేది ఆ సన్నాయి కోసమే.

ఏటా ఆయుధపూజకు దానికి పసుపు, కుంకుమ పెట్టి ముందర కొబ్బరికాయ కొట్టేవాడు. ముందర అంటే సరిగ్గా గాలి సందుల మీద. ఒక ఏడాది పూజైన వారానికి సన్నాయి ఉండాల్సిన నంబరు నొక్కితే గరగరమంది. మామ దాన్ని మా అంగడికి మోసుకొచ్చాడు.

"ఆదివారం నందికొట్కూరులో పెండ్లి ఉండాది. సన్నాయి ల్యాకుంటే ఇంకో పార్టీని పిలుస్తారు. బతుకుతాదేమిరా అల్లుడా?"

మూత తీశాను. కొబ్బరినీళ్లు దిగి మెమరీ చిప్పుల కాళ్లకు పచ్చగా చిలుం పట్టింది.

"చిప్పులు మారిస్తే బతుకుతాది మామా. నీ సన్నాయి మాత్రం పాతవాటితోనే పోతాది. ఏ నాబ్ ఎంత తిప్పినావో ఆ అంకెలు యాడన్నా రాసిపెట్టినావా?"

"ఏటా దేవుని ముందర పెడతాండా కదరా, ఇంగ రాసేదేముంది?"

"దేవుడు రాసుకోలేదు."

మూతపడిన ఎస్టీడీ బూత్ బిల్లు మిషను ఒకటి మా అంగడి మూలన పడి ఉండేది. అందులో అదే రకం చిప్పులు. పాతవి ఊడదీసి వీటిని సాల్డరింగ్ చేశాను. గంట పని. ఊరివాళ్ల ఫోన్ నిమిషాలు లెక్కపెట్టిన చిప్పులకు పెండ్లిళ్లు తిరిగే ఉద్యోగం దొరికింది.

అసలు పని తర్వాత మొదలైంది. మామ కళ్లు మూసుకుని ముక్కుతో సన్నాయి పాడాడు, నేను నాబ్‌లు తిప్పాను.

"ఇది సైకిల్ హారను."

"ఓర్చుకో మామా, పెండ్లికి ఇంకా మూడు దినాలుండాయి."

"ఇప్పుడు మేక."

"మేక దాకా వచ్చినామంటే శానా దగ్గరికొచ్చినట్టే."

సాయంత్రానికి మామ పాడటం ఆపేశాడు. ఇక దేన్నీ ముట్టుకోవద్దని చెయ్యి అడ్డం పెట్టి, తాళి కట్టేటప్పుడు వాయించేదంతా వాయించాడు. తెర మీది అంకెలన్నీ మామ జేబులో ఉన్న ఆ నందికొట్కూరు పెండ్లి పత్రిక వెనకే రాసుకున్నాను.

ఆదివారం సన్నాయి మోగింది. కీబోర్డు వైపు ఎవరూ చూడలేదు. ఒక ముసలాయన మాత్రం మేళగాళ్లు యాడ కూర్చున్నారని మండపమంతా వెతికాడు. మామ రెండు రోజులు ఆ మాటే చెప్పుకున్నాడు.

ఇప్పుడు కొబ్బరికాయ గడప బయట కొడతాం. కీబోర్డు మీద బట్టల అంగడి ప్లాస్టిక్ కవరు కప్పుతాం.