వేస్టు నీళ్లు

అనంతపురంలో మా ఫ్లాటుకు నీళ్ల ఫిల్టరు బిగించిన మెకానిక్, దాని సన్న పైపును సింకులోకి వదిలి, "ఇవి వేస్టు నీళ్లమ్మా" అన్నాడు. బెళుగుప్పలో కుళాయి దగ్గర బిందె పట్టుకుని సగం జీవితం నిలబడిన మా అమ్మకు ఆ మాట బూతులా వినిపించింది. "నీళ్లు యాడన్నా వేస్టయితాయా?" అంటూ పైపును బకెట్లోకి లాగింది. నిండిన బకెట్లను వరండాలో డ్రమ్ములో పోసి, ఆ నీళ్లతోనే గచ్చు కడిగేది.

వారం తిరక్కుండానే అపార్ట్‌మెంట్ సెక్రటరీ వచ్చాడు. "ఆ డ్రమ్ము తీసేయండక్కా, చూసేదానికి అసహ్యంగా ఉండాది." రోజూ మంచినీళ్లతో కారు కడిగించే మనిషి! నాకు ఒళ్లు మండింది. అయినా "సరే సార్" అనేశాను. అందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. అమ్మ మాత్రం డ్రమ్మును కదపనివ్వలేదు.

ఆ తర్వాత ఆయనే గేటుకు పెద్ద ప్లాస్టిక్ ఫ్లెక్సీ కట్టించాడు. తన ఫొటో, కింద "ప్రతి నీటిబొట్టునూ కాపాడుకుందాం".

మర్నాడు పొద్దున్నే అమ్మ దాన్ని విప్పుకొచ్చి డ్రమ్ముకు మూతగా బిగించింది. ఫొటో సరిగ్గా పైకొచ్చింది.

"ఏందమ్మా ఇది?" అని ఆయన అరుచుకుంటూ వచ్చాడు.

"నీళ్లు కాపాడమని నువ్వే రాయించినావు కదప్పా," అంది అమ్మ. "ఈడ కాపాడతాండాది, చూడు."