బుడగలు రాని డైవరు

ఆ రోజుల్లో మా ఊళ్లో మగవాడి గొప్పతనం అతను నీళ్లలో ఎంతసేపు ఊపిరి బిగపట్టగలడన్న దాన్ని బట్టి తేలిపోయేది. రాళ్లకు చిక్కుకున్న వలను విడిపించడానికి మా నాన్న మునిగితే, పడవ మీదున్నవాళ్లు బీడీ ముట్టించి, దాన్ని పూర్తిగా కాల్చి, ఇక ఏడవడం మొదలుపెడదామా అనుకునే వేళకు పైకి తేలేవాడు. ఆ రక్తమే నాదీ అని నా నమ్మకం. అందుకే మా శ్రీకాకుళం తీరంలో స్కూబా నేర్పే చోటు తెరిచి, శిక్షణ పూర్తిచేసిన స్థానికులకు అక్కడే ఉద్యోగం ఇస్తామన్నప్పుడు, నాకు వచ్చేసినట్టేనని ఊరంతటికీ చెప్పేశాను. మా ఈడు కుర్రాళ్లంతా గుజరాత్ బోట్ల మీద పనికి పోయి నెలల తరబడి ఇంటి ముఖం చూసేవారు కాదు. నాకు వెళ్లాలని లేదు. (అమ్మ చేతి చేపల పులుసు వదిలి ఉండలేనని అందరితో అనేవాణ్ణి. నిజానికి అక్కడ నలుగురిలో ఏడ్చేస్తానేమోనని భయం.)

అక్కడ నేర్పే సారు మొదటిరోజే మమ్మల్ని భుజాల లోతు నీళ్లలో నిలబెట్టి, "లోపల ఏం చేసినా చెయ్యండి, ఊపిరి మాత్రం బిగపట్టొద్దు" అన్నారు. అది ఈత రానివాళ్లకు చెప్పిన మాట అనుకున్నాను. వీపున సిలిండరు, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని మునిగాను. బిగపట్టాను. ఎదురుగా ఉన్న సారు నా తల మీద బుడగల కోసం వెతికి, కంగారుపడి, జబ్బ పట్టి పైకి లాగారు.

"ఏమైంది? గాలి రావట్లేదా?"

"వస్తన్నాది సార్. అవసరం నేదు," అన్నాను వినయంగా.

రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నాతోపాటు నేర్చుకుంటున్నవాడు బొబ్బిలి వైపు రైతుబిడ్డ. వరసకేమీ కాకపోయినా నన్ను బావా అనేవాడు. ఈత రాదు. గేదెను కడగడానికి నడుం లోతు దిగడమే అతని జలయాత్ర. అలాంటివాడు లోపల గురకపెట్టినట్టు గాలి పీల్చి, ఉడికే అన్నం గిన్నెలా బుడగలు వదిలేవాడు. సారు అతని వంక మురిపెంగా చూసేవారు. నాకు కడుపు మండిపోయేది.

నాలుగో రోజు సారు చేతులెత్తేశారు. "రేపొక్కరోజు చూస్తాను. బుడగలు రాకపోతే ఇంటికెళ్లిపో." ఆ సాయంత్రమే, బోట్ల పనికి కుర్రాళ్లను పోగేసే మేస్త్రి ఫోను చేశాడు, గుజరాత్ రైలుకు నా పేరు కూడా రాయించాలా అని. రేపు చెబుతానన్నాను. నా మొహం చూసి బొబ్బిలివాడు పక్కన కూర్చున్నాడు.

"వల లాగినప్పుడు పాట పాడతారు కద బావా, అప్పుడు ఊపిరి బిగబడతారేటి?"

"బిగబడితే పాటెలా వస్తాదిరా?"

"మరైతే నీళ్లలో కూడా పాడీ. ఎవుడొద్దన్నాడు?"

మర్నాడు నీళ్ల కింద, గొట్టం చివరి రబ్బరు ముక్కను పళ్లతో కరిచి, మా వల లాగే పాట మొదటినుంచి చివరిదాకా పాడాను. బుడగలు బొబ్బిలివాణ్ణి మించిపోయాయి. సారు లోపలే నాకు రెండు చేతులూ జోడించారు. ఒడ్డుకొచ్చి, మేస్త్రికి రానని చెప్పి, ఇసుకలో కూర్చుని కాసేపు ఏడ్చాను. (గుజరాత్ వెళ్లకుండానే.)

ఇప్పుడు అక్కడ నేనే సారుని. మొన్న నాన్నను బతిమాలి తీసుకెళ్లి, అదే భుజాల లోతులో, అదే మాట చెప్పి ముంచాను. బుడగలు రాలేదు. కంగారుపడి జబ్బ పట్టి పైకి లాగాను. ఆయన తాపీగా నోట్లోది తీసి, మీసం తుడుచుకుని, "నీ సిలిండర్లో గాలి పిసరంతైనా తగ్గనేదు, సూడొరే" అన్నాడు.

మీటరు చూశాను. నిజంగానే తగ్గలేదు. ఆయన గర్వం చూస్తుంటే, సారుకు వినయంగా జవాబు చెప్పిన ఆ కుర్రాడే నెరిసిన మీసంతో నా ముందు నిలబడ్డట్టుంది. నవ్వు ఆపుకుని, గొట్టం మళ్లీ ఆయన నోటికి అందించాను.

"వల పాట ఎత్తుకో నాన్నా," అన్నాను, "నేను అందుకుంటాను."